పూటకూళ్లవాడిని మర్చిపోకండి: మెడికల్ క్యాంపులకు వచ్చే మా డాక్టర్లకు బహిరంగ లేఖ

విదేశాల్లోని తెలుగు క్రైస్తవ సంఘాల నుంచి ఏటా క్రిస్మస్ సెలవులకి విశాఖ వచ్చి, ఏజెన్సీలో మెడికల్ క్యాంపులు పెట్టే డాక్టరు అన్నలకు, అక్కలకు, వాళ్ళ వెంట వచ్చే పిల్లలకు. వాళ్ళని పిలిచే మా సంఘ పెద్దలకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. క్యాంపులో చివరి టేబుల్ నాది. రిజిస్ట్రేషన్, బీపీ, షుగరు, డాక్టరు గారు, ప్రార్థన కుర్చీలు అన్నీ దాటుకుని చీటీ పట్టుకుని జనం చివరికి వచ్చేది నా దగ్గరికే. మీరు రాసిన మందు వాళ్ళ ఇంటికి ఏ రూపంలో వెళ్తుందో చూసేది నేనే. అందుకే ఈ ఉత్తరం. మా పెద్దలతో ముందే మాట్లాడాను. "అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి వంకలు పెడతామా అమ్మా" అన్నారు. వంకలు పెట్టడం కాదు. ఈ డిసెంబరు ప్రోగ్రాం ఇంకా ఖరారు కాలేదు. మార్చుకోడానికి టైముంది కాబట్టి రాస్తున్నాను.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఒకరోజు క్యాంపులు ఆపేయండి. మీరు రావడం మానేయమని కాదు. వారంలో ఐదు గూడేలు తిరిగి, ఐదు బ్యానర్లు కట్టి వెళ్ళిపోయే పద్ధతి మానేసి, ఒకే ప్రాంతాన్ని పట్టుకోండి. అక్కడ ఏడాది పొడుగునా పనిచేస్తున్నవాళ్ళకి తోడుగా రండి.

మీ మనసు మీద నాకు అనుమానం లేదు. సెలవులు పెట్టుకుని, సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని, పాడేరు ఘాట్‌లో వాంతులు చేసుకుంటూ వచ్చి, దిగీ దిగగానే స్టెత్ మెడలో వేసుకున్నవాళ్ళని చూశాను. ఒక పిల్లల డాక్టరు గారు మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా చీకటి పడేదాకా, సెల్‌ఫోను లైటు వెలుగులో కూడా చూశారు. ఆవిడ చేతి చలవ గురించి అక్కడి తల్లులు ఇంకా చెప్పుకుంటారు. నా బాధ ఆ రోజు గురించి కాదు, ఆ తర్వాతి రోజుల గురించి.

పెదబయలు వైపు ఒక గూడెంలో నా టేబుల్ దగ్గరికి ఒక ముసలమ్మ వచ్చింది. చీటీతో పాటు ఒక ప్లాస్టిక్ కవరు కూడా తెచ్చింది. ఇంట్లో వాసానికి వేలాడదీసి దాచుకున్న కవరట, పొగచూరి ఉంది. విప్పి చూస్తే అన్నీ మందులే, రకరకాల క్యాంపుల్లో ఇచ్చినవి. సగం స్ట్రిప్పులు కత్తెరతో కత్తిరించినవి. మీకు తెలియకపోవచ్చు, పదిమాత్రల స్ట్రిప్పుని ముగ్గురికి పంచాల్సి వచ్చినప్పుడు మేం చేసే పని అదే. మందు పేరు ఒకరికి వెళ్తుంది, ఎక్స్‌పైరీ తేదీ ఇంకొకరికి వెళ్తుంది, మధ్యలో ఉన్నవాళ్ళకి వెండి రేకు మాత్రం మిగులుతుంది. ఆవిడ కవర్లో బీపీకి వాడే ఆమ్లోడిపిన్ రెండు కంపెనీలది ఉంది. పేర్లు వేరు, రంగులు వేరు, మందు ఒకటే. ఎలా వేసుకుంటున్నావమ్మా అని అడిగించాను. తల తిరిగినప్పుడు ఇందులోంచి ఒకటి, అందులోంచి ఒకటి వేసుకుంటానంది. ఆవిడ పాదాలు వాచి ఉన్నాయి. ఆ మందు ఎక్కువైతే పాదాలు వాస్తాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

అడిగించాను అన్నాను కదా, ఆ సంగతి కూడా కాస్త చెప్పాలి. డాక్టరు గారు ఇంగ్లీషు కలిసిన తెలుగులో చెప్తారు. దాన్ని మా యూత్ పిల్లాడు మామూలు తెలుగులోకి మారుస్తాడు. ఆ ఊరి కుర్రాడు దాన్ని ఆదివాసీ ఒడియాలోకో, కువిలోకో మారుస్తాడు. ఆఖరికి ఆవిడ చెవిన ఏం పడిందో దేవుడికే తెలియాలి. చీటీ మీద "మూడు పూటలా, భోజనం తర్వాత" అని రాసి ఉంటుంది. పొద్దున్నే చోడంబలి తాగి పోడు పనికి వెళ్ళి, మళ్ళీ సాయంత్రం పొయ్యి రాజేసే ఇంట్లో ఆ మూడో పూట ఎక్కడిది? నేను కవర్ల మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీస్తాను. దానికే నా టైమంతా పోతుంది. వెనకాల లైను పెరిగిపోతుంది, "త్వరగా కానివ్వండి సిస్టర్, తర్వాతి ఊరు వెళ్ళాలి" అని ఎవరో ఒకరు అరుస్తారు.

బీపీకి పదిరోజుల మాత్రలు ఇవ్వడం వల్ల ఏం లాభం? బీపీ మందు ఏళ్ళ తరబడి వాడాల్సింది. పదిరోజులు తగ్గి, మళ్ళీ పెరుగుతుంది. వాళ్ళకి మిగిలేది "అమెరికా డాక్టరు ఇచ్చిన మందు వాడాను, జబ్బు పోయింది" అన్న నమ్మకం. దాంతో నెలనెలా ఊరికి వచ్చే 104 బండి దగ్గరికి వెళ్ళడం మానేసినవాళ్ళున్నారు. ఆ బండిలో బీపీ, షుగరు మాత్రలు ఉచితంగానే ఇస్తారు. ఆ మాత్రలు చిన్నవి, తెల్లవి, మామూలు కాగితం కవర్లో ఉంటాయి. మీవి రంగురంగుల సీసాలు. జనం దేన్ని నమ్ముతారో మీరే ఊహించుకోండి. ఇంకొంచెం కటువుగా చెప్పాలంటే, ఏడాదికోసారి మనం వచ్చి, నెలనెలా వచ్చేవాళ్ళ పరువు తీసి వెళ్తున్నాం.

సూట్‌కేసుల సంగతి. దయచేసి అక్కడి నుంచి మందులు మోసుకురాకండి. విరాళంగా ఇచ్చే మందులకి చేరేనాటికి కనీసం ఏడాది గడువు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్తాయి. మన క్యాంపు డబ్బాల్లో వచ్చే నెలతో గడువు తీరేవి, సగం వాడిన సీసాలు, డాక్టర్లకి కంపెనీలు ఇచ్చిన శాంపిళ్ళు కనిపిస్తాయి. ఎసిటమినోఫెన్ అని రాసి ఉన్న పెద్ద సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది మన పారాసెటమాలే. కానీ ఆ పేరు ఇక్కడ ఏఎన్ఎంకి కూడా కొత్తే. ఒక పెద్దాయన ఆ మాత్రలూ, మన డోలో 650 కూడా కలిపి మింగుతుంటే ఆపాల్సి వచ్చింది. పిల్లల విటమిన్ గమ్మీలైతే చాక్లెట్లలాగే ఉంటాయి. సీసా ఇంట్లో పెట్టి తల్లి పొలానికి వెళ్తే సాయంత్రానికి సీసా ఖాళీ. పైగా సామానులో తెచ్చుకునే మందులు సొంత వాడకానికే తప్ప ఊళ్ళకి పంచడానికి కాదు, చట్టం ఒప్పుకోదు. ఇక్కడ కొంటే అంతకంటే చౌక. మన పరవాడ ఫార్మాసిటీ నుంచి ముడిమందులు ప్రపంచమంతా వెళ్తుంటే, మీరు అక్కడి షాపులో డాలర్లు పోసి కొని, సూట్‌కేసు బరువు కట్టి మళ్ళీ విశాఖకే తెస్తున్నారేమో. నవ్వొస్తుంది నాకు.

ఇక జ్వరాలు. మీలో చాలామంది మలేరియా కేసుని చదువుకునే రోజుల్లో చూసి ఉంటారు, అంతే. మా ఏజెన్సీలో జ్వరమంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది, వేలి మీద రక్తపు చుక్కతో పావుగంటా ఇరవై నిమిషాల్లో ఏ రకమో తేలిపోతుంది. ఫాల్సిపారమ్ అయితే ఒక కోర్సు, వైవాక్స్ అయితే క్లోరోక్విన్‌తో పాటు పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. ఆ ప్రైమాక్విన్ కూడా అందరికీ పడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకి రక్తకణాలు పగిలిపోతాయి, గిరిజనుల్లో ఆ లోపం ఉన్నవాళ్ళు లేకపోలేదు. అలాగే సికిల్ సెల్, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక గూడేల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. "ఒళ్ళంతా నొప్పులు, రక్తం తక్కువ" అంటూ వచ్చిన పాతికేళ్ళ కుర్రాడికి నొప్పి మాత్రా, ఐరన్ మాత్రా రాసేముందు ఆ కార్డు ఉందా అని ఒక్క మాట అడగండి. ఇంతవరకు మన రిజిస్ట్రేషన్ ఫారంలో ఆ గడి లేదు. మతం గడి మాత్రం ఉంది.

దగ్గు విషయంలో ఇంకా భయం. రెండు వారాలు దాటిన దగ్గంటే గళ్ళ (కఫం) పరీక్ష చేయించాలి, అది టీబీ కావచ్చు. మన క్యాంపులో ఆ పరీక్ష ఉండదు కాబట్టి చేతిలో ఉన్న యాంటీబయాటిక్ ఇస్తాం. చాలాసార్లు అది లెవోఫ్లాక్సాసిన్. టీబీ క్రిములు దానికి కొంత లొంగుతాయి. దగ్గు కాస్త తగ్గుతుంది, రోగి సంతోషిస్తాడు, అసలు జబ్బు కొన్నాళ్ళు దాక్కుంటుంది, ఆ తర్వాత పరీక్షకి కూడా సరిగ్గా దొరకదు. ఆలోగా ఇంట్లో పసిపిల్లలకి అంటుకుంటుంది. టీబీకి ఆరునెలల మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, తిండి కోసం నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో వేస్తుంది (2024 నవంబరు దాకా అది ఐదొందలే). అంత వ్యవస్థ ఉన్నచోట మనం ఇచ్చే ఐదు మాత్రలు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తున్నాయి. గళ్ళ డబ్బా చేతికిచ్చి, దాన్ని అదే రోజు పీహెచ్‌సీ ల్యాబ్‌కి చేర్చే మనిషి ఒక్కడుంటే, ఆ క్యాంపు మొత్తానికి అంతకంటే గొప్ప వైద్యం లేదు.

ఇప్పుడు కాస్త ఇబ్బందైన మాట. నేను విశ్వాసిని. ప్రార్థన లేకుండా నా టేబుల్ దగ్గర కూర్చోను. అయినా ప్రార్థన కుర్చీలు డాక్టరు గారికీ మందుల టేబుల్‌కీ మధ్యలో వేయడం నాకు నచ్చదు. అక్కడ కూర్చుంటేనే మందులు ఇస్తారని జనం అనుకుంటారు. అలా అని మనం అనలేదంటారు, నిజమే, కానీ లైను అలా పెడితే ఇంకేమనుకుంటారు? ఒకచోట మీటింగ్ అయ్యాకే టోకెన్లు ఇచ్చారు. చంటిబిడ్డకి జ్వరంతో వచ్చిన తల్లి ఎండలో మూడో పాట దాకా కూర్చుంది. ఆవిడ నుదుటి మీద బొట్టు ఉంది, దాన్ని కొంగుతో తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఎందుకమ్మా తుడుచుకున్నావు అంటే "ఇక్కడ అది ఉంటే మందివ్వరేమో" అంది. ఆమెకి అలా ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె భయపడింది. ఆ భయంతో పుట్టిన నమ్మకం మనకెందుకు?

యేసు పదిమంది కుష్ఠురోగుల్ని బాగుచేస్తే కృతజ్ఞత చెప్పడానికి తిరిగొచ్చింది ఒక్కడే. ఆ తొమ్మిదిమంది ఏరి అని అడిగాడు కానీ, వాళ్ళకి జబ్బు తిరిగి అంటించలేదు. నాకు ఆ కథ చాలు.

ఇంకోటి. క్యాంపు ముగింపు రోజు సాయంత్రం పాడేరులోనో అరకులోనో స్వస్థత కూడికలు పెట్టి, పోస్టర్ మీద మీ ఫోటోలు కూడా వేస్తున్నారు. స్టేజీ మీద "ఇంక మాత్రలు అక్కర్లేదు, విశ్వాసంతో పారేయండి" అన్న మాట వినపడ్డ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే స్టేజీ మీద కుర్చీలో ఎండీ చదివిన డాక్టరు గారు కూర్చున్నారు. షుగరు పేషెంట్లకి అదే సర్టిఫికెట్. ఆ తర్వాత ఇన్సులిన్ మానేసిన ఒక నడివయసు మనిషిని స్పృహ లేకుండా మా ఆసుపత్రికి తెచ్చారు, బతికాడు, దేవునికి స్తోత్రం. మహిమలతో జబ్బులు నయమవుతాయని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే చట్టం ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, మీరు రోజంతా రాసిన మందుల్ని రాత్రికి మీ ఎదుటే పారేయమంటుంటే మీరెలా ఊరుకున్నారో నాకు అర్థం కాదు.

చరిత్ర చూస్తే, మన ప్రాంతంలో మిషన్ వైద్యానికి పేరొచ్చింది ఇలా కాదు. అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో గుంటూరు వచ్చారు. ఆసుపత్రి తెరిచేనాటికి 1898 అయింది. ఆ పదిహేనేళ్ళలో ఆవిడ తెలుగు నేర్చుకున్నారు, ఇళ్ళలోకి వెళ్ళారు, ఆడవాళ్ళ నమ్మకం సంపాదించారు. 1930లో కన్నుమూసిందీ గుంటూరులోనే. నలభై ఏడేళ్ళు. అలా ఉండిపొమ్మని మిమ్మల్ని అడగడం అన్యాయం, మీకు ఉద్యోగాలున్నాయి, పిల్లల చదువులున్నాయి. అందుకే ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది మన ఉత్తరాంధ్రదే. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడి డాక్టర్ బెన్ గల్లిసన్ కంటిశుక్లాల ఆపరేషన్లు చేసేవారు. ఆయన మాట మీద 1963లో కెనడాలోని కల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి, ఆయన స్నేహితులు కలిసి డబ్బు పోగుచేయడం మొదలుపెట్టారు. కత్తి పట్టడం వాళ్ళకి రాదు. వాళ్ళు చేసింది డబ్బు పంపడం, పంపుతూనే ఉండడం. అది ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అయింది, ఇప్పటికీ పనిచేస్తోంది. సోంపేటలో చూపు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కల్గరీ పేరు కూడా విని ఉండరు.

దొంగల దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడిని ఆదుకున్న మంచి సమరయుడి కథని సండే స్కూల్లో మనందరం నాటకం వేశాం. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టేదాకా వేస్తాం, చప్పట్లు కొడతారు, దిగిపోతాం. కథలో ఆయన అక్కడితో ఆగలేదు. పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మర్నాడు రెండు దేనారాలు పూటకూళ్లవాడి చేతిలో పెట్టి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ఆయనకీ ప్రయాణం ఉంది, మీలాగే. ఆ దెబ్బలు తిన్నవాడు నిజంగా కోలుకున్నది పూటకూళ్లవాడి దగ్గర. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు, ఏ నాటకంలోనూ ఆ వేషానికి డైలాగ్ ఉండదు.

మా ఏజెన్సీలో ఆ పూటకూళ్లవాళ్ళు ఎవరో చెప్తాను. వాగు దాటి కిట్టు సంచీతో నడిచే ఆశా కార్యకర్త. సబ్‌సెంటర్‌లో ఒంటరిగా ఉండే ఏఎన్ఎం. కొత్తగా ఎంబీబీఎస్ అయి పీహెచ్‌సీకి వచ్చి, ఏడాది తిరక్కుండా పీజీ సీటు కోసం వెళ్ళిపోయే కుర్ర డాక్టరు. బండి దారి లేని చోట డోలీ కట్టి నిండు గర్భిణిని మోసే ఊరి మగవాళ్ళు. సాలూరులో కుష్ఠు ఆసుపత్రి లాంటి పాత మిషన్ ఆసుపత్రుల్లో తక్కువ జీతానికి ఇంకా మిగిలి ఉన్న సిస్టర్లు. కొన్ని గూడేల్లో దిసారి (ఊరి పూజారి, నాటువైద్యుడు) కూడా, నమ్మినా నమ్మకపోయినా. జ్వరం వస్తే జనం ముందు వెళ్ళేది ఆయన దగ్గరికే, ఆయన "ఇది నా వల్ల కాదు, ఆసుపత్రికి పొండి" అంటే ప్రాణం నిలబడుతుంది. మన క్యాంపులకి వీళ్ళలో ఒక్కరినీ పిలవం. పీహెచ్‌సీ డాక్టరుకి మనం వస్తున్నట్టు కూడా తెలియదు.

డబ్బు లెక్క ఒకసారి చూద్దాం. అమెరికా నుంచి రానూపోనూ టికెట్టు మనిషికి లక్ష దాటుతుంది. హోటలు, ఏసీ బస్సు, టీషర్టులు, బ్యానర్లు, సెమీ క్రిస్మస్ భోజనాలు వేరే. చిన్న మిషన్ ఆసుపత్రిలో నర్సు జీతం ఎంతో మా పెద్దల్ని అడగండి, సిగ్గుపడుతూ చెప్తారు. గూడెం నుంచి ఇంటర్ బైపీసీ పాసైన ఒక అమ్మాయిని మూడేళ్ళు జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చదివించండి. ఆ అమ్మాయికి ఆదివాసీ ఒడియా వచ్చు, తెలుగు వచ్చు, ఎవరి ఇంట్లో ఎప్పుడు అంబలి కాస్తారో తెలుసు. నా సూర్యచంద్రుల బొమ్మలు ఆమెకి అక్కర్లేదు. వెల్లూరు సీఎంసీకి మన తెలుగువాళ్ళు రైళ్ళకి రైళ్ళు వెళ్తారు కదా, అక్కడ సంఘాల స్పాన్సర్‌షిప్‌తో చదివినవాళ్ళు కొన్నేళ్ళు అవసరమున్న మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తామని ఒప్పుకుంటారు. అంత పెద్ద స్థాయిలో కాకపోయినా, అలాంటి ఒప్పందం మన సంఘం కూడా చేసుకోవచ్చు.

విశాఖలోనే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. దానికి స్టెత్ కూడా అక్కర్లేదు. ఏజెన్సీ నుంచి సీరియస్ కేసుని కేజీహెచ్‌కి పంపుతారు. 1923 నాటి ఆసుపత్రి అది, ఒక చిన్న ఊరంత ఉంటుంది. గిరిజన రోగులకి సాయం చేసే ఎస్టీ సెల్ ఉంది, ఉన్నవాళ్ళు పాపం చేతనైనంత చేస్తారు. కానీ తెల్లవారుజామున అంబులెన్స్ దిగిన మనిషికి ఓపీ చీటీ ఎక్కడ, స్కానింగ్ ఎక్కడ, రక్తం ఎవరిస్తారు, ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ఏ కాగితం అడుగుతారు, వరండాలో పడుకున్న మొగుడికి అన్నం ఎవరు పెడతారు? ఇవేమీ తెలియక మూడోరోజే సెలైన్ పీకేసుకుని బస్సెక్కి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. మా సంఘం యూత్ పిల్లలు క్యాంపు రోజు టీషర్టులేసుకుని ఉత్సాహంగా వస్తారు. వాళ్ళే వారానికి ఒక పూట చొప్పున వంతులేసుకుని కేజీహెచ్‌లో ఆ మనుషుల పక్కన నడిస్తే చాలు. మనం పంపిన కేసుల్నయినా మనం పట్టించుకోవాలి కదా. పోయినసారి క్యాంపులో "వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి" అని మీరు రాసిచ్చిన చీటీలు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. అందులో ఎవరు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు అని అడిగితే మన దగ్గర జవాబు లేదు. వాళ్ళ ఫోన్ నంబర్లు రాసుకున్న రిజిస్టర్ ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. ఫోటోలు మాత్రం అన్నీ భద్రంగా ఉన్నాయి.

మీ పిల్లల గురించి. హైస్కూలు పిల్లలు సేవా గంటల కోసం, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోడానికి వస్తున్నారని అందరికీ తెలుసు, అందులో తప్పేం లేదు. రానివ్వండి. కానీ పదహారేళ్ళ పిల్ల చేతికి లాన్సెట్ (వేలు పొడిచే సూది) ఇచ్చి షుగరు పరీక్ష చేయించకండి. అక్కడ చేయనివ్వని పని ఇక్కడా చేయకూడదని అమెరికా మెడికల్ కాలేజీల సంఘమే తమ విద్యార్థులకి చెప్తోంది. పొడిచిన సూదులు, రక్తం దూదులు స్కూలు గ్రౌండ్‌లో వదిలేసి వచ్చాం ఒకసారి. మర్నాడు పిల్లలు ఆ స్కూలుకే వస్తారు. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు క్యాంపులకి కూడా వర్తిస్తాయి, సూదుల డబ్బా వెంట తెచ్చుకుని వెనక్కి తీసుకెళ్ళాల్సిందే. పిల్లలకి పని కావాలంటే నా పక్కన కూర్చోమనండి, బొమ్మలు గీయడం నేర్పుతాను. ఊరివాళ్ళ దగ్గర నాలుగు మాటలు కువి నేర్చుకోమనండి. గూడెం పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగేముందు వాళ్ళ అమ్మనో నాన్ననో అడగమనండి. మీ ఇంటి పిల్లల్ని ముక్కు కారుతుండగా ఎవరో ఫోటో తీసి లోకమంతా చూపిస్తే మీకెలా ఉంటుంది?

కాగితాల గురించి రెండు మాటలు, ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే ఇరుక్కునేది ఇక్కడున్న మా పాస్టరు గారే. ఇక్కడ రిజిస్ట్రేషన్ లేని డాక్టరు వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బయటి దేశం డాక్టర్లు తాత్కాలిక అనుమతి ముందే తీసుకోవచ్చు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకి ఇచ్చేది) ఉన్నా మిషనరీ పనికి వేరే అనుమతి కావాలని 2021 మార్చిలో కేంద్రం స్పష్టంగా చెప్పింది. "ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు" అంటున్నారు మా పెద్దలు. ఇప్పుడు అడుగుతున్నారు, అందరికీ తెలుసు. కాగితాలన్నీ సరిగ్గా ఉండి, జిల్లా వైద్యాధికారికి ముందే ఉత్తరం రాసి, పీహెచ్‌సీ డాక్టరుని పక్కన కూర్చోబెట్టుకుంటే మనల్ని వేలెత్తి చూపేవాళ్ళకి నోరుండదు. అలా చేస్తే మందులు కూడా వాళ్ళ స్టోర్‌వే వాడొచ్చు. సర్జన్లయితే పాడేరులోనే పని చూసుకోవచ్చు, అక్కడ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. రెసిడెంటు డాక్టర్లకి క్లాసులు చెప్పండి, కష్టమైన కేసుల్ని కలిసి చూడండి. అమెరికా వెళ్ళాక కూడా వాట్సాప్‌లో ఒక ఈసీజీ చూసి చెప్పగలిగితే, ఆ కుర్ర డాక్టరుకి అదే పెద్ద ధైర్యం.

ఈ డిసెంబరుకి నేను అడిగేవి ఇవి. ఐదు ఊళ్ళ లిస్టు కొట్టేసి, ఒక్క పీహెచ్‌సీ పరిధి ఎంచుకుందాం. ఏదో పెద్దలు, అక్కడి డాక్టరు కలిసి తేల్చాలి. ప్రార్థన చేయించుకోవాలనుకున్నవాళ్ళకి చర్చిలోనో పక్క చెట్టు కిందో కుర్చీలు వేద్దాం, మందులు తీసుకున్నాక. స్వస్థత కూడిక పోస్టర్ మీద డాక్టర్ల ఫోటోలు వద్దు. కత్తెర నేను తీసుకురాను, నెలకి సరిపడా స్ట్రిప్పు పూర్తిగా ఇవ్వగలిగితేనే, దాని తర్వాతి నెలది 104లో దొరుకుతుందని తెలిస్తేనే ఇస్తాం. రిఫర్ చేసిన ప్రతి మనిషి వెంట మన రిజిస్టర్‌లో ఒక యూత్ పిల్లాడి పేరు, ఫోన్ నంబరు ఉండాలి.

టికెట్లు బుక్ చేసుకోకముందే మా సెక్రటరీ గారికి జవాబు రాయండి. మందుల ఇండెంటు అక్టోబరు ఆఖరుకల్లా నాకు అందితే విశాఖ హోల్‌సేల్‌లో రేట్లు కనుక్కుని ఉంచుతాను. సూట్‌కేసులో చోటు మిగిలితే గ్లూకోమీటర్లు వద్దు, వాటిలో చాలావాటి స్ట్రిప్పులు ఇక్కడ దొరక్కపోవచ్చు. మంచి బీపీ మిషన్లు రెండు తెండి, పెద్దవాళ్ళ చేతికి సరిపోయే పట్టీ ఒకటి, బక్క చేతులకి సరిపోయే చిన్న పట్టీ ఒకటి. పనయ్యాక అవి సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం దగ్గరే ఉంచేసి వెళ్దాం.

మందుల టేబుల్ దగ్గర కూర్చునే మీ చెల్లెలు,
విశాఖపట్నం